పార మెడ

ఇంగ్లండ్‌లోని విగన్ పట్టణం నుంచి వచ్చే బుల్‌డాగ్ వారి రాబిటింగ్ స్పేడ్‌ని మన ఊళ్లో ఎవరి చేతికైనా ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇదేం పారండీ’ అంటారు. బ్లేడు జానెడున్నర పొడవు. పైన బెత్తెడున్నర వెడల్పుంటుంది, కిందికి దిగేకొద్దీ ఇంకా సన్నబడి గుండ్రంగా ముగుస్తుంది. మట్టి ఎత్తడానికి పనికిరాదు. దీంతో తట్ట నింపాలంటే పొద్దుగూకుతుంది. కుందేళ్ల బొరియల్లోకి వేటగాళ్లు ఫెర్రెట్ అనే పెంపుడు జంతువును వదులుతారు. అది లోపలే ఉండిపోతే దాని దాకా సన్నటి గొయ్యి తవ్వి బయటికి తీయడానికి పుట్టిన పనిముట్టు ఇది. ఇవాళ దీన్ని కొనేవాళ్లలో కుందేళ్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని దున్నిన చేలల్లో పాత నాణేలు, బొత్తాలు, బకిళ్లు వెతికేవాళ్లు వాళ్లు.

ఆ పార చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా బొటనవేలు మెడ దగ్గరికే పోతుంది. బ్లేడు ముగిసి కామ మొదలయ్యే చోటు అది. అక్కడ ఉక్కు బ్లేడు కన్నా బాగా మందంగా ఉంటుంది. ఆ మందం నుంచే రెండు పట్టీలు పైకి సాగి, ఒకటి కామకు ముందు వైపు, ఇంకొకటి వెనక వైపు ఆనుకుని, కలపను మధ్యలో బిగించి పట్టుకుంటాయి. అడ్డంగా రివెట్లు దిగి ఉంటాయి. వాటి తలలను పట్టీతో సమంగా అరగదీస్తారు కాబట్టి అరచేతికి తగలవు. కింది నుంచి పైకి వేలితో రాస్తూ పోతే ఎక్కడా అతుకు తెలియదు. ఉంటే కదా తెలియడానికి! బ్లేడు, మెడ, పట్టీలు మూడూ ఒకే ఉక్కు దిమ్మ నుంచి సాగదీసినవి.

గట్టి పార అంటే బరువైన పార అని మనకో అభిప్రాయం. షాపులో చేత్తో తూచి చూసి, బరువుగా ఉంటే తల ఊపుతాం. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక చేత్తో డిటెక్టర్, రెండో చేత్తో పార మోస్తూ మైళ్లకు మైళ్లు నడిచేవాడికి అనవసరమైన ప్రతి వంద గ్రాములూ శిక్షే. విగన్ పనివాళ్ల నేర్పు ఉక్కు ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో తెలియడంలో ఉంది. డిటెక్టింగ్‌కి పార ఎంచుకోవడమంటే ఆ తెలివి పారలో ఎక్కడుందో పట్టుకోవడమేనని నా లెక్క.

ముందు పని ఏమిటో చూడాలి. మన పార బ్లేడు కామకు అడ్డంగా ఉంటుంది, కొద్దిగా మన వైపు వంగి ఉంటుంది. నడుం వంచి, ఎత్తి వేసి, ముందుకు లాక్కుంటాం. బలం భుజాల నుంచి వస్తుంది, సగం పని పార బరువే చేస్తుంది. ఇంగ్లిష్ స్పేడ్‌లో బ్లేడు, కామ ఒకే వరసలో నిలువుగా ఉంటాయి. మనిషి నిటారుగా నిలబడి, బ్లేడు పై అంచు మీద పాదం మోపి, ఒంటి బరువుతో నేలలోకి దించుతాడు. తర్వాత కామను వెనక్కి వంచి మట్టిని పెకలిస్తాడు. కాలికి బూటు ఉన్న దేశపు పద్ధతి ఇది. వట్టి కాళ్లతోనో హవాయి చెప్పులతోనో ఉక్కు అంచు మీద ఒళ్లంతా మోపి చూడండి, మన పార మన వైపు ఎందుకు వంగిందో అర్థమవుతుంది. గట్లు చెక్కడానికి, కాలవలు తీయడానికి, తట్టకెత్తడానికి మన పారకు సాటి లేదు. కాకపోతే వేటు అంగుళం అటో ఇటో పడుతుంది. డిటెక్టింగ్‌లో చిక్కంతా ఆ అంగుళంలోనే ఉంది.

డిటెక్టర్ మోగినప్పుడు దొరకబోయేది ఏమిటో తెలియదు. చాలాసార్లు కొండను తవ్వి ఎలుకను పట్టడమే: సీసా మూత, ట్రాక్టర్ బోల్టు, తుపాకీ తూటా తొడుగు. ఎప్పుడో ఒకసారి 13వ శతాబ్దపు వెండి పెన్నీ కావచ్చు. ఆ పెన్నీ అడ్డం సుమారు 18 మిల్లీమీటర్లు, బరువు గ్రామున్నర కూడా ఉండదు, మందం మిల్లీమీటరు లోపే. ఏడెనిమిది వందల ఏళ్ల పాటు నాగళ్లనూ ఎరువులనూ తట్టుకున్న ఆ బిళ్లను పార మొన ఒక్క పోటుతో రెండు చేయగలదు. అందుకే తెలిసినవాడు మోగిన చోట తవ్వడు. చుట్టూ జానెడు దూరం వదిలి, బ్లేడును నిలువుగా దించి, మట్టిని గడ్డకు గడ్డగా లేపి తిరగేస్తాడు. పిన్‌పాయింటర్ అనే చిన్న డిటెక్టర్‌తో ఆ గడ్డలో ఎక్కడుందో వెతుక్కుని చివరి పని వేళ్లతో చేస్తాడు. పచ్చిక నేలైతే మూడు వైపులే కోసి, నాలుగో వైపు గడ్డి వేళ్లను తెంచకుండా మడత బందులాగా వదిలి, పచ్చికను పక్కకు మడుస్తాడు. పని అయ్యాక తిరిగి మూసి కాలితో అదుముతాడు. వారం తిరిగాక ఆ చోటి ఆనవాలు రైతుకు కూడా దొరకకూడదు. ఆనవాలు దొరికితే మళ్లీ ఆ చేలోకి రానివ్వడు, అంతే.

అంటే ఈ పార నిలువుగా దిగాలి, సన్నగా కోయాలి, లోతుగా పోవాలి, కోసినదాన్ని చెదరకుండా లేపాలి. వెడల్పాటి తోట పారతో గొయ్యి అవసరానికి మించి పెద్దదవుతుంది, పైగా వెడల్పు పెరిగేకొద్దీ దించడానికి పాదం మీద పెట్టాల్సిన బరువూ పెరుగుతుంది. కుందేళ్ల పారకు ఈ కొత్త ఉద్యోగం దొరికింది అందుకే. సముద్రపు ఒడ్డున ఇసుకలో వెతికేవాళ్లకు ఇవేవీ పనికిరావు. వాళ్లకు జల్లెడలా చిల్లులున్న స్టెయిన్‌లెస్ గరిటె కావాలి. అది వేరే కథ.

ఇక మెడ మీద పడే భారం. బ్లేడు 30 సెంటీమీటర్లు నేలలో ఉంది, కామ 60 సెంటీమీటర్లు పైన ఉంది అనుకుందాం. కామ చివర 20 కిలోల బలంతో వెనక్కి లాగితే, బ్లేడు మధ్యన మట్టి మీద పడే ఒత్తిడి సుమారు 80 కిలోలు. పైది 20, కిందిది 80, కలిసి నూరు కిలోలు నేల ఒరకు ఆనిన చోట పడతాయి. ఆ చోటు మెడే. పార మొత్తంలో ఎక్కువ వంగాలని చూసేది అక్కడ. కింద మొనను గానీ పైన పిడిని గానీ ఇంత భారం తాకదు. వేరు తగిలినప్పుడో, రాయి కింద మొన ఇరుక్కున్నప్పుడో కోపంతో ఒంటి బరువంతా వేస్తే 20 కాస్తా 60 అవుతుంది. ఆ రోజు మెడ సంగతి తేలిపోతుంది.

దిమ్మను కొట్టి చేసిన పారలో దీనికి జవాబు మొదటి నుంచే ఉంటుంది. విగన్‌లో 1780 నుంచి ఈ పని చేస్తున్నామని బుల్‌డాగ్ వారు చెప్పుకుంటారు. వాళ్ల మేలు రకం పారల పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. అరచేతిలో పట్టేంత ఉక్కు దిమ్మను కొలిమిలో నారింజ రంగు తేలేదాకా కాచి, పెద్ద సుత్తి యంత్రాల కింద, రోలర్ల మధ్య సాగదీస్తారు. మెడ దగ్గర దిమ్మను పెద్దగా కదపరు. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ పలచబరుస్తారు. మెడ దగ్గర బలం కావాలి, అంచు దగ్గర పలచదనం కావాలి. ఒకే లోహంలో రెండూ, మధ్యలో మెట్టు లేకుండా. తర్వాత ఆకారం కత్తిరించి, కొద్దిగా దొప్పలా వంచి, మళ్లీ కాచి చల్లార్చి గట్టిపరుస్తారు. కాచిన ఉక్కును ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, కానీ పెళుసెక్కుతుంది. అందుకని మరోసారి తక్కువ వేడికి కాచి ఆ పెళుసుదనాన్ని దించుతారు. మన కమ్మరి కొడవలికి చేసేదీ ఇదే. దాగలి పక్కన నిలబడి ఉక్కు మీద రంగు మారడం చూసి ఆపుతాడు. ఈ రెండో కాపు సరిగ్గా పడ్డ బ్లేడును రాతి కింద పెట్టి వంచితే, వదలగానే తన చోటికి తాను వస్తుంది. తక్కువ పడితే అంచు పెచ్చులూడుతుంది, ఎక్కువైతే వంగినది వంగినట్టే ఉండిపోతుంది.

రేకు పార లెక్క వేరు. ఉక్కు రేకును అచ్చులో పెట్టి ఒక్క దెబ్బలో కొడతారు, కాబట్టి మెడ దగ్గరా అంచు దగ్గరా ఒకటే మందం. చవక. అలాగని తీసిపారేయాల్సినది కాదు. మంచి రేకు పారలు ఉన్నాయి, చేసినవాడికి లెక్క తెలిసి ఉండాలి. అమెరికాలో రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. అంకె తగ్గితే మందం పెరుగుతుంది, కొత్తగా కొనేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. 16 గేజ్ అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 14 గేజ్ అంటే దాదాపు 1.9. తేడా అర మిల్లీమీటరు కూడా లేదే అనిపిస్తుంది. కానీ వంగకుండా నిలిచే బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది: పావు వంతు మందం పెరిగితే బిగువు దాదాపు రెట్టింపవుతుంది, బరువు మాత్రం పావు వంతే పెరుగుతుంది. మందం పెంచకుండా బిగువు తెచ్చే ఉపాయం ఇంకొకటుంది. కాగితాన్ని ఒక కొస పట్టుకుంటే వాలిపోతుంది, మధ్యలో కొద్దిగా వంచి పట్టుకుంటే నిలబడుతుంది. రేకు పార మధ్యలో మెడ నుంచి కిందికి దిగే గట్టు పని అదే. ఆ గట్టుకు వెనక వైపు గుంట పడుతుంది, ఆ గుంటలో జిగట మట్టి చేరి గడ్డ కడుతుంది. మంచి పనివాడు ఆ గుంట మీద ఇంకో రేకు వేసి చుట్టూ మూసేస్తాడు. పారను తిరగేసి వీపు చూడండి, ఎంత శ్రద్ధ పెట్టాడో అక్కడే కనిపిస్తుంది.

అతుకులేని పారను ఇంతగా పొగిడాక అతుకున్న పారను మెచ్చుకోవడం వింతగానే ఉంటుంది. అయినా అమెరికన్ల సాంప్సన్ పార ముందు తల వంచక తప్పదు. న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌టన్‌లో డబ్ల్యూ.డబ్ల్యూ. మాన్యుఫాక్చరింగ్ అనే సంస్థ ఉంది. కింగ్ ఆఫ్ స్పేడ్స్ అనే ఉక్కు పార వాళ్లదే. నర్సరీల వాళ్లు చెట్లను వేళ్ల ముద్దతో సహా తవ్వి తీయడానికి వాడతారు. కలప ముక్క అన్నది దానిలో ఉండదు. డిటెక్టింగ్ చేసేవాళ్ల కోసం లెషే పేరుతో వచ్చే చేతి తవ్వుకోలలు, సాంప్సన్ పార ఆ ఇంటి బిడ్డలే. చూశారా, ఇంగ్లండ్‌లో కుందేళ్ల పార, అమెరికాలో చెట్ల పార: ఈ సరదాకు తనదైన పనిముట్టు మొదట్లో లేదు, పక్క వృత్తుల దగ్గర అరువు తెచ్చుకుంది. సాంప్సన్‌లో కామ ఉక్కు గొట్టం, పైన అడ్డంగా టీ ఆకారపు పిడి. బ్లేడుకు గొట్టం కలిసే చోట వెల్డింగ్ పూస చుట్టూ తెగకుండా, ఒకే లావున సాగుతుంది. గొట్టం బ్లేడు పై అంచు దగ్గర ఆగిపోకుండా కిందికి కొంత దూరం దిగి వస్తుంది. మెడ దగ్గర పడే భారాన్ని ఒక గీత మీద కాకుండా కొంత మేర మీద పరచడం దాని ఉద్దేశం. విగన్ వాళ్లు సుత్తితో సాధించినదాన్ని వీళ్లు జోడింపుతో సాధించారు.

అన్ని వెల్డింగులూ ఇలా ఉండవు. విరిగిన ఒక పార మెడను దగ్గరగా చూసే అవకాశం నాకు దొరికింది. ఎవరు చేశారో పేరు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నల్ల పెయింటుతో మెరుస్తూ వచ్చిన పార. విరిగిన ముఖాన్ని వెలుగులోకి తిప్పి చూస్తే రెండు రంగులు కనిపించాయి. మూడో వంతు మేర లోహం తెల్లగా, గరుకుగా, కొత్తగా ఉంది; అది ఆ రోజు తెగినది. మిగతా రెండు వంతులూ గోధుమ రంగు తుప్పు. అంటే అక్కడ అతుకు ఎప్పుడో విడిపోయింది, లేదా అసలు పట్టనే లేదు. పూస రేకు పైపైన కూర్చుంది, లోపలికి కరగలేదు. ఇన్నాళ్లూ ఆ పార మూడో వంతు మెడతోనే బతికింది. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు. మందపాటి పెయింటు పార కొనేటప్పుడు నాకు భయం అందుకే. పూస కనిపించనివ్వని పెయింటు ఏదో దాస్తోందనే అనుకుంటాను. కాస్త అన్యాయమైన తీర్పే కావచ్చు, మార్చుకునే ఉద్దేశం లేదు.

మడత పారలది మరీ చిన్న కథ. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల మడత పారను చూసి అమెరికా సైన్యం 1943లో తనది చేసుకుంది. వాటి నకళ్లు ఇప్పటికీ చవకగా దొరుకుతాయి, సంచిలో పడతాయి. కానీ భారమంతా పడే మెడ దగ్గరే కీలు పెట్టిన పార అది. కారు డిక్కీలో ఉంచుకోండి, చేలోకి తీసుకెళ్లకండి.

స్టెయిన్‌లెస్ గురించి మాత్రం తొందరపడి మాట్లాడలేం. బ్రిటన్‌లో డిటెక్టింగ్ కోసమే చేసే పారలు చాలావరకు ఇప్పుడు స్టెయిన్‌లెస్‌వే. కారణం అక్కడి బంకమట్టి. తడిసిన బంకమట్టి మామూలు ఉక్కును వదలదు, మన రేగడిలో వానాకాలం పార వేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మెరుగు పెట్టిన స్టెయిన్‌లెస్ మీద నుంచి అది జారిపోతుంది, తుప్పు బాధ కూడా ఉండదు. కానీ స్టెయిన్‌లెస్ అంతా ఒకటి కాదు. సులువుగా వెల్డింగ్ పట్టే రకాన్ని కాచి చల్లార్చి గట్టిపరచలేం, కాబట్టి అంచు తొందరగా మొద్దుబారుతుంది. గట్టిపడే రకం వెల్డింగ్ దగ్గర పెళుసెక్కుతుంది. తెలిసిన పనివాడు మొదటి రకమే తీసుకుని, మందం కాస్త పెంచి, పదును మాటిమాటికీ పెట్టుకోమంటాడు. ఇంగ్లండ్ దక్షిణాన సుద్ద నేలల్లో చెకుముకి రాళ్లు విపరీతం. అక్కడ మొద్దుబారే అంచు ఫర్వాలేదు, పెచ్చులూడే అంచుతోనే బాధ. అమెరికా ఈశాన్యంలో అడవి వేళ్ల మధ్య తవ్వేవాడికి పదును నిలిచే ఉక్కు కావాలి. నేల చూడకుండా పార మెచ్చుకోవడం సగం మెచ్చుకోలే.

వేళ్లు అన్నాను కాబట్టి రంపపు పళ్ల మాట. డిటెక్టింగ్ పారల్లో చాలావాటికి బ్లేడు పక్క అంచున పళ్లుంటాయి. దించుతూ పైకీ కిందికీ ఆడిస్తే గడ్డి వేళ్లు, చెట్టు వేళ్లు తెగుతాయి. లెషే చేతి తవ్వుకోలలో పళ్లు ఒక వైపే ఉంటాయి. కుడి వైపు కావాలా ఎడమ వైపు కావాలా అని ఎంచుకునే వీలు కూడా ఇచ్చారు, వాడినవాడు చేసిన వస్తువని తెలిసేది అలాంటి చోటే. రెండు వైపులా లోతైన పళ్లున్న పారలు ఫొటోలో భీకరంగా బాగుంటాయి. మోకాళ్ల మీద కూర్చుని గడ్డ తిరగేసేటప్పుడు ఆ రెండో వైపు మీ తొడకో మణికట్టుకో ఎదురుగా ఉంటుంది. పైగా ప్రతి పంటి మూలా పగులు మొదలవడానికి ఒక చోటు. పళ్ల అడుగు మొనదేలి ఉందా, గుండ్రంగా ఉందా చూడాలి. గుండ్రంగా ఉంటే చేసినవాడికి ఆ సంగతి తెలుసు. మొన విషయంలోనూ అంతే. ఈటెలా సాగిన మొన గట్టి నేలలో సులువుగా దిగుతుంది, కానీ కిందున్న వెండి బిళ్లకు మొదటి శత్రువు అదే. రాబిటింగ్ స్పేడ్ గుండ్రపు చివర నాకు నచ్చడానికి అదొక కారణం.

ఇక పాదం పెట్టే చోటు. పలచని బ్లేడు పై అంచు కత్తిలా ఉంటే నెల తిరక్కముందే బూటు అడుగు చీలిపోతుంది. మంచి పారలో ఆ అంచును ముందుకో వెనక్కో మడిచి వెడల్పు చేస్తారు, లేదా ఒక కడ్డీ ముక్క వెల్డ్ చేస్తారు. సన్నటి పారలో రెండు పక్కలా కలిపి పాదానికి దొరికే చోటే కొద్దిగా ఉంటుంది, అది కూడా సరిగ్గా లేకపోతే కాలు జారి పిక్క గీసుకుంటుంది.

కామ దగ్గరికి వస్తే ఉక్కు గొట్టమా, కలపా అన్న వాదం తెగదు. విగన్ పారల కామ యాష్ చెట్టుది. యాష్ కలప తేలిక, నార పొడుగ్గా సాగుతుంది, రాయి తగిలినప్పుడు వచ్చే అదురును తాను మింగి చేతికి కొంతే పంపిస్తుంది. పాత పద్ధతి వై పిడిలో కామ పైకొనను నిలువునా చీల్చి, ఆవిరిలో మెత్తబరచి, రెండు పాయలనూ చెరో పక్కకు వంచి, మధ్యలో అడ్డకర్ర బిగిస్తారు. వేరే ముక్క తెచ్చి తగిలించడం ఉండదు, కామే పిడిగా విచ్చుకుంటుంది. ఆ చీలిక ఎంత దూరం పోవాలో అక్కడే ఆగడం, వంపులో నార లేచిపోకపోవడం, అది చూస్తే ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది. విచారమేమిటంటే ఆ చెట్టుకే గడ్డుకాలం వచ్చింది. యాష్‌ని ఎండబెట్టే బూజు తెగులు బ్రిటన్‌లో ఉన్నట్టు 2012లో నిర్ధారించారు. అమెరికాలో యాష్‌ని తొలిచే పచ్చ పురుగును 2002లో మిషిగన్‌లో గుర్తించారు, అప్పటి నుంచి కోట్ల చెట్లు పోయాయి. ఉక్కు గొట్టం కామలకు ఆ బెంగ లేదు. వాటికి వేరే రోగం: చివరలు మూయకపోతే లోపలికి నీరు చేరి, పైకి కనిపించకుండా లోపలి నుంచి తినేస్తుంది. పిడి కొనల్లో మూతలున్నాయో లేదో తడిమి చూడటం అందుకే. ఇంకో చిన్న సంగతి, పార కూడా లోహమే. డిటెక్టర్ కాయిల్ పక్కన పెడితే అదే మోగిస్తుంది. అలవాటున్నవాళ్లు మోగిన చోటికి నాలుగడుగులు అవతల పారను నేలకు గుచ్చి వదులుతారు.

పార ఎంత మంచిదైనా ఒక్కోసారి దాన్ని ఆపడమే పని. 2010 ఏప్రిల్‌లో సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే డిటెక్టరిస్టు ఒక చేలో తవ్వుతుండగా మట్టి కుండ, అందులో రోమన్ నాణేలు తగిలాయి. ఆయన తవ్వకం ఆపేశాడు, గొయ్యి పూడ్చి పురావస్తు నిపుణులకు కబురు పెట్టాడు. వాళ్లు పొరలు పొరలుగా తీస్తే 52,503 నాణేలు తేలాయి, బరువు దాదాపు 160 కిలోలు. అందులో చివరి కాలపు నాణేలు ఎక్కువగా పైన లేవు, లోపలి పొరల్లో ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కొంచెం కొంచెం దాచుకున్న హుండీ కాదది, ఒక్కసారే పాతిపెట్టినది. పార ఇంకో రెండు పోట్లు పొడిచి ఉంటే ఆ సంగతి మట్టిలో కలిసిపోయేది. ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధి కిందికి వచ్చేవి దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి తెలపాలి. మిగతా పాత వస్తువులను 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేయించుకుంటారు. బ్రిటిష్ మ్యూజియం నడిపే ఆ జాబితాలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి.

అక్కడ ఉన్న మనవాళ్లు వారాంతాల్లో ఈ సరదాకు దిగితే తప్పేమీ లేదు, కాకపోతే చేను యజమాని సరేననాలి. ఆ పారను మాత్రం సెలవులకు ఇంటికి తేవద్దు. మన దగ్గర 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులో ఉంది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లలో, కోటల్లో అర్ధరాత్రి గునపాలతో దొరికిపోయే ముఠాల వార్తలు చదువుతూనే ఉంటాం. డిటెక్టర్ చేతిలో ఉన్నవాణ్ని మన ఊళ్లో ఏ జాబితాలో వేస్తారో చెప్పక్కర్లేదు.

కొనడానికి వెళ్లినప్పుడు ధర పట్టీ తర్వాత చూడండి. ముందు పారను తిరగేసి వీపు, ఆ పైన మెడ. వెల్డింగ్ అయితే పూస చుట్టూ తిరిగిందా, మధ్యలో తెగి చుక్కలు చుక్కలుగా ఉందా. దిమ్మ పార అయితే మెడ నుంచి అంచు దాకా మందం తగ్గుతూ వచ్చిందా, రేకునే మెడ దగ్గర గొట్టంలా చుట్టి వదిలేశారా. కలప కామ అయితే నార గీతలు పై నుంచి కింది దాకా నిలువుగా పోవాలి, పక్కకు జారి మధ్యలో బయటికి తేలితే విరిగేది అక్కడే. పెయింటు వేసిన కామైతే ఆ గీతలు కనపడవు, కాబట్టి వద్దు. బ్లేడును వేళ్లతో తేలిగ్గా పట్టుకుని మీటండి. మంచి అతుకైతే ఖంగుమంటుంది, రివెట్టు వదులుంటే బొంగురుగా పలుకుతుంది. మొన నేలకు ఆనించి, పాదం పెట్టి, కామను కొద్దిగా వెనక్కి వంచి చూడండి. షాపువాడు అభ్యంతరం చెబితే వేరే షాపు చూసుకోండి.

ఇంటికి తెచ్చాక ఆకురాయితో ఒక్క వైపే, 45 డిగ్రీల వాలుకు దగ్గరగా పదును పెట్టాలి. అంతకన్నా పలచన చేస్తే మొదటి చెకుముకి రాయికే అంచు రాలుతుంది. కలప కామకు ఏడాదికోసారి అవిసె నూనె పట్టించి, ఇంకినంత ఇంకాక గుడ్డతో తుడిచేయాలి. నూనె నానిన ఆ గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది, ఆరుబయట పరిచి ఆరబెట్టండి. పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో కామ విరిగితే రాబిటింగ్ స్పేడ్‌లో రివెట్లను డ్రిల్లుతో తొలిచి, పట్టీల మధ్య మిగిలిన కలపను ఉలితో తీసేసి, కొత్త కామ దిగ్గొట్టి, కొత్త రివెట్లు కొట్టించుకోవచ్చు. కొత్త కామ కొనేటప్పుడు పట్టీల పొడవు, వాటి మధ్య సందు కొలిచి తీసుకెళ్లండి. అన్ని కామలూ అన్నిటికీ పట్టవు.